ఐదు తరగతుల గది: వయసులు కలిసిన బడిపై పల్నాటి సంవాదం

పార్లమెంటు 2009లో ఆమోదించిన విద్యాహక్కు చట్టం, ఒకటి నుంచి ఐదు వరకు తరగతులున్న బడిలో పిల్లల సంఖ్య 60 దాటనంతవరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని తన అనుబంధంలో నిర్దేశించింది. ఐదు తరగతులకు ఇద్దరు అన్నప్పుడే, ఒక్కొక్కరి ముందు రెండు మూడు తరగతుల పిల్లలు కలిసి కూర్చోక తప్పదని ఆ అంకె చెప్పకనే చెబుతున్నది. పల్నాడు జిల్లాలో వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మండలాల తండాల్లోనూ, నరసరావుపేట, గురజాల డివిజన్లలోని చిన్న ఊళ్లలోనూ కొన్ని బడుల్లో ఆ ఇద్దరిలో ఒకరే మిగిలినప్పుడు, ఆరేళ్ల పిల్ల మొదలు పదేళ్ల పిల్లవాడి దాకా అందరూ ఒకే గదిలో, ఒకే నల్లబల్ల ఎదుట చదువుకొంటారు.

ఇటువంటి గదిని విద్యాశాస్త్రం రెండు విధాలుగా వర్ణిస్తుంది. తరగతుల హద్దులను అలాగే ఉంచి, ఒకే ఉపాధ్యాయుడు ఒకే వేళలో ఒకటికి మించిన తరగతులకు పాఠం చెప్పడం బహుళ తరగతి బోధన. ఇది సాధారణంగా అవసరం వల్ల పుడుతుంది. ఆ హద్దులను ఉద్దేశపూర్వకంగా తొలగించి, వయసులు వేరైన పిల్లలను ఒకే సమూహంగా భావించి చదివించేది వయోమిశ్రమ తరగతి. ఇది ఒక నమ్మకం నుంచి పుడుతుంది. పల్నాటి బడిలో మొదటిది ఉన్నది, రెండోది దానినుంచి రావచ్చా, వస్తే పిల్లల మధ్య ఎటువంటి బంధాలు ఏర్పడతాయి, ఆ గది తమదనే భావం ఎవరికి కలుగుతుంది, ఎవరికి కలగదు అన్నదే ఈ సంవాదానికి విషయం. ఇందులో మాట్లాడే విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తండా బడి ఉపాధ్యాయిని ఫలానా వ్యక్తులు కారు. ఈ ప్రశ్నపై నిలువగల రెండు వైఖరులకు ఇచ్చిన రూపాలు మాత్రమే.

ప్రధానోపాధ్యాయుడు: అమ్మా, లేమికి అందమైన పేరు పెట్టినంతమాత్రాన అది కలిమి కాదు. ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలని చట్టమే అంటున్నది. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులకు విడివిడిగా చెబితే ఒక్కొక్క తరగతి వాటాకు వచ్చేవి 160 గంటలు. మిగిలిన 640 గంటలు ఆ పిల్లవాడు ఎక్కాలు వల్లె వేస్తూనో, పలక మీద రాసిందే రాస్తూనో, పక్క తరగతి పాఠం చెవిన పడుతుంటే అర్థం కాక కూర్చునో గడుపుతాడు. నరసరావుపేటలో ఫీజు కట్టి చదివించగల తల్లిదండ్రుల పిల్లలకు తరగతికొక టీచరు ఉండగా, తండా పిల్లలకు మాత్రం అన్ని వయసులూ కలిసి చదివితే అనుబంధాలు పెరుగుతాయని చెప్పడం న్యాయం కాదు. వయసుల కలయిక అంత మేలైనదైతే ముందుగా పట్టణంలోని బడులే దానిని కోరుకొని ఉండేవి.

ఉపాధ్యాయిని: మాస్టారూ, పట్టణంలో కోరుకొన్నవారూ ఉన్నారు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసుకు వచ్చి శిక్షణ ఇచ్చిన పద్ధతిలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే సమూహం. ఆ పేరుతో నడిచే బడులకు కలిగినవారే పిల్లలను పంపుతారు. మీరు వేసిన లెక్క తప్పు కాదు గాని, దాని అడుగున ఒక ఊహ ఉన్నది: టీచరు నోరు తెరిచినంతసేపే పిల్లవాడు నేర్చుకొంటాడని. ఆ ఊహను కాదని పని చేసిన బడులు ఆంధ్రదేశంలోనే, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నాయి. అక్కడి గ్రామీణ విద్యాకేంద్రం పద్మనాభరావు, రమ దంపతుల నాయకత్వంలో పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టుకు ఒక కార్డు తయారుచేసి, ఆ కార్డులన్నింటినీ వరుసగా చూపే పటాన్ని గోడకు తగిలించింది. దానినే అభ్యసన నిచ్చెన అంటారు. కార్డు మీది బొమ్మను బట్టి, అది టీచరు దగ్గర కూర్చుని చేసే పనా, తోటివారితో చేసే పనా, ఒంటరిగా చేసుకొనే పనా అన్నది చదవడం రాని పిల్లకు కూడా తెలుస్తుంది. పిల్ల తానున్న మెట్టు చూసుకొని, తన కార్డు తీసుకొని, ఆ పని జరిగే చాప మీదికి వెళ్లి కూర్చుంటుంది. అక్కడ టీచరు 800 గంటలను ఐదుతో భాగించడు. ఏ వేళకు ఎవరికి తన అవసరం ఉన్నదో వారి దగ్గర కూర్చుంటాడు.

ప్రధానోపాధ్యాయుడు: రిషివ్యాలీ గొప్పతనాన్ని కాదనేవారు లేరు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు ఆ పద్ధతిని చూసి వెళ్లి కర్ణాటకలో నలి-కలి ఆరంభించారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు దానినే మరో రూపంలో చేపట్టాయి. పక్క రాష్ట్రాలు అంత దూరం తీసుకువెళ్లిన పద్ధతి పుట్టింటి రాష్ట్రంలో, అందునా పల్నాడు వంటి మెట్టప్రాంతంలో, ప్రతి బడి గోడ మీదికీ ఎందుకు రాలేదో కూడా ఆలోచించాలి. కార్డులు నలిగిపోతాయి, కొత్తవి రావు. శిక్షణ పొందిన టీచరు బదిలీ అవుతాడు, వచ్చినవారికి ఆ బొమ్మల భాష తెలియదు. రాష్ట్రంలో 1980లలో బ్రిటిష్ సహాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకం కూడా కృత్యాల ద్వారా నేర్పడం, జట్లుగా కూర్చోబెట్టడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం వంటి మంచి సూత్రాలనే చెప్పింది. ఆ సూత్రాలు తెలిసిన టీచర్లు చాలామందే ఉన్నారు, వాటిని రోజూ నడిపించగల తీరిక ఉన్న టీచర్లు మాత్రం తక్కువ.

ఇంతవరకు వాదం బోధన గురించి నడిచింది. బంధాల విషయానికి వచ్చేసరికి ఇద్దరి మధ్య దూరం పెరిగింది. ఒక గదిలో ఉన్నంతమాత్రాన ఎవరూ ఎవరికీ కారు. తనవారనే భావం కలగాలంటే కొద్దిమందితో తరచుగా, సామరస్యంగా కలిసి మెలిసి ఉండడం ఒకటి, ఆ కలయిక వెనుక ఒకరి బాగోగులు మరొకరు పట్టించుకొనే స్థిరమైన సంబంధం ఉండడం రెండోది, ఈ రెండూ అవసరమని బౌమైస్టర్, లియరీ అనే మనస్తత్వవేత్తలు 1995లో వాదించారు. ఐదేళ్లపాటు అదే గది, అదే టీచరు, అదే పిల్లలు ఉండే చిన్న బడికి ఈ రెండు షరతులూ దగ్గరగానే ఉన్నాయి. దగ్గరగా ఉండడం మాత్రం చాలదన్నదే ప్రధానోపాధ్యాయుడి అభ్యంతరానికి మూలం.

ఉపాధ్యాయిని: ఆరేళ్ల లంబాడీ పిల్ల బడికి వచ్చిన మొదటి రోజున టీచరు మాట ఆమెకు సగమే అందుతుంది, ఎందుకంటే ఇంట్లో వినేది గోర్‌బోలీ, బడిలో వినేది పుస్తకపు తెలుగు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోర్‌బోలీకే మరో పేరైన బంజారాతో సహా 8 గిరిజన భాషల్లో మాతృభాషా బోధన కార్యక్రమం మొదలయింది గాని, పల్నాటి తండా బడిలో ఆ రెండు భాషల మధ్య వంతెన వేసేది పుస్తకం కాదు, నాలుగో తరగతి అక్క. టీచరు చెప్పినదాన్ని ఆ అక్క ఇంటిమాటలో చెవిలో చెబుతుంది, చిన్నపిల్ల సిగ్గుపడి టీచరుకు చెప్పుకోలేనిదాన్ని టీచరుకు తెలుగులో చేరవేస్తుంది. తరగతికొక గది ఉన్న బడిలో ఒకటో తరగతి పిల్లలంతా సమానంగా అర్థం కాని స్థితిలోనే కూర్చుంటారు. సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ సామీప్య వికాస మండలం అన్నది దీనినే: పిల్ల ఒంటరిగా చేయలేనిది, తనకంటె కొంచెం ఎక్కువ తెలిసినవారి సాయంతో చేయగలిగేది అయిన మేర. ఆ కొంచెం ఎక్కువ తెలిసినవారు వయసులు కలిసిన గదిలో ప్రతి చాప మీదా ఉంటారు. అంతకన్నా ముఖ్యమైనది, ఆ అక్కకు ఏర్పడే స్థానం. తాను లేకపోతే ఒకరికి ఇబ్బంది అవుతుందని తెలిసిన పిల్ల బడి మానడానికి వెనకాడుతుంది.

ప్రధానోపాధ్యాయుడు: ఆ అక్క దగ్గరే ఆగుదాం, ఎందుకంటే అసలు భయం అక్కడే ఉన్నది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం పల్నాటికి కొత్త కాదు, మన వీధి బడులన్నీ అలా నడిచినవే. తెలుగు వ్యాకరణం రాసిన ఏ.డి. కాంప్‌బెల్ 1823లో బళ్లారి కలెక్టరుగా పంపిన నివేదికలో, ఇసుకలో అక్షరాలు దిద్దించడాన్నీ, ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు నేర్పడాన్నీ మెచ్చుకొన్నాడు. అంతకుముందే ఆండ్రూ బెల్ మద్రాసు అనాథ బాలుర ఆశ్రమంలో ఆ పద్ధతిని అనుసరించి, 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. అది మద్రాసు పద్ధతి పేరుతో ఇంగ్లండులో వ్యాపించింది. అక్కడ అది ఏమయింది? ఒక టీచరుతో వందల మందిని చదివించే చౌకమార్గమయింది. తోటి పిల్లవాడి సాయం కాస్తా జీతం లేని కొలువుగా మారింది. ఇక్కడి సంగతి మరీ సున్నితం. పత్తి తీతలకో మిరప కోతలకో తల్లి వెళ్లినప్పుడు చంటివాడిని చంకనెత్తుకొని బడికి వచ్చేది నాలుగో తరగతి పిల్లే, పిల్లవాడు కాదు. ఇంట్లో చేసే చాకిరీనే బడిలో టీచరు కూడా అప్పగించి దానికి అనుబంధమని పేరు పెడితే, పదేళ్ల ఆడపిల్ల తన చదువుతో ఆ బంధానికి వెల చెల్లించినట్టే.

ఈ మాటకు ఉపాధ్యాయిని వెంటనే జవాబు చెప్పలేకపోయింది. చెప్పగలిగి ఉంటే ఆమె పక్షం బలహీనమై ఉండేది. చిన్నవారిని చూసుకొనే భారం ఆడపిల్లల మీదనే పడడం బహుళ తరగతి బోధన గురించిన చర్చల్లో తరచు పక్కకు జరిగిపోయే విషయం, ఎందుకంటే అది బయటికి చక్కగా కనిపిస్తుంది: గది నిశ్శబ్దంగా ఉంటుంది, చిన్నపిల్లలు ఏడవరు, తనిఖీకి వచ్చినవారు మెచ్చుకొంటారు.

ఉపాధ్యాయిని: మీ మాటలో సగం ఒప్పుకోవలసిందే. అందుకే సాయానికి కొన్ని కట్టుబాట్లు ఉండాలి. చెప్పే పని మగపిల్లలకూ ఆడపిల్లలకూ వంతులవారీగా రావాలి. చెప్పేది తాను ఇటీవలే దాటిన మెట్టు కావాలి. రెండో తరగతి తీసివేతలను మూడో తరగతి పిల్ల వివరిస్తే ఆమెకు అవి గట్టిపడతాయి, ఐదో తరగతి పిల్ల వివరిస్తే ఆమెకు కొత్తగా వచ్చేది ఉండదు. రోజులో ఒక నిర్ణీతమైన వేళ పెద్దపిల్లలు టీచరుకే చెందాలి, ఆ వేళలో చిన్నవారి పని ఎవరి మీదా పడకూడదు. చంటిపిల్లల సంగతి అంగన్‌వాడీ చూసుకోవాలి, అది తెరవని రోజున బడి ఆ లోటును నాలుగో తరగతి పిల్లతో పూడ్చకూడదు. చదువులో నష్టం జరుగుతుందా అన్న ప్రశ్నకైతే, 1995లో నెదర్లాండ్స్ పరిశోధకుడు సైమన్ వీన్‌మన్ వివిధ దేశాల అధ్యయనాలను కలిపి పరిశీలించి, ఇటువంటి తరగతుల పిల్లలు మిగిలినవారికంటె చదువులో వెనకబడలేదనీ, ముందూ పడలేదనీ తేల్చాడు.

ప్రధానోపాధ్యాయుడు: మరుసటి ఏడే మేసన్, బర్న్స్ అనే ఇద్దరు అమెరికన్లు ఆ నిర్ణయాన్ని ప్రశ్నించిన సంగతి కూడా చెప్పాలి కదా. మిశ్రమ తరగతుల్లోకి స్వతంత్రంగా పని చేసుకోగల పిల్లలనూ, సమర్థులైన టీచర్లనూ ఏరి పంపుతారనీ, ఆ ఎంపిక వల్ల వచ్చిన మేలును తీసివేస్తే కొద్దిపాటి నష్టమే మిగులుతుందనీ వారి వాదం. తండా బడిలో ఆ ఎంపిక లేదు. ఉన్నవారితోనే, వచ్చినవారితోనే నడవాలి. ఇక బంధాల విషయంలోనూ లోటు ఒకటి ఉన్నది. ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య పిల్లలకు తమ ఈడు నేస్తం ఒకరు, సమానంగా పోట్లాడి సమానంగా రాజీపడే ఒకరు, కావలసి వస్తారని హారీ స్టాక్ సల్లివన్ అనే మనోవైద్యుడు వివరించాడు. పద్నాలుగు మంది పిల్లలున్న బడిలో ఐదో తరగతి పిల్ల ఒక్కతే ఉంటుంది. అందరికీ అక్క అయిన ఆ పిల్ల ఎవరికీ నేస్తం కాలేదు.

ఉపాధ్యాయిని: అది నిజమైన కొరత, దానిని ఆ గది తనంతట తాను తీర్చలేదు. ఒక స్కూలు కాంప్లెక్సు పరిధిలోని చిన్న బడులన్నింటి నాలుగు, ఐదు తరగతుల పిల్లలను నెలకొకసారైనా ఒకచోట కలిపి, ఆటలూ లెక్కలూ కలిసి చేయిస్తే కొంత తీరుతుంది. టీచర్లు సమావేశాలకు కలుస్తూనే ఉన్నారు, పిల్లలు కలవకూడదన్న నియమం లేదు. అయినా ఈడువారంతా ఒకే గదిలో ఉంటే ఏకాకులు ఉండరని అనుకోవడానికి ఆధారమేమిటి? 40 మంది ఒకే వయసువారున్న గదిలో పోలిక ప్రతి నిమిషం జరుగుతుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పిల్లలకు టీచరు కంటె ముందు తెలిసిపోతుంది.

ప్రధానోపాధ్యాయుడు: ఆ పోలిక ఈ గదిలో వయసు రూపంలో కాకపోతే కులం రూపంలో వస్తుంది. గుర్రం జాషువా పుట్టిన వినుకొండ ఈ జిల్లాలోనిదే. 1895లో పుట్టిన ఆ కవి చిన్ననాట బడిలోనే అంటరానితనపు అవమానాన్ని భరించవలసి వచ్చింది. ఆనాటి బడుల్లో వయసులు కలిసే ఉండేవి, కలవనివి మనుషులు. వీధి బడుల ఘనత చెప్పుకొనేటప్పుడు ఆ అరుగుల మీద ఎవరికి చోటు లేదో కూడా చెప్పుకోవాలి. నేటికీ ఊళ్లో రెండు వర్గాలు పలకరించుకోని గ్రామాలు పల్నాట ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు ఒకే గదిలో ఐదేళ్లు ఉన్నా, చాపలు వేరైతే గది ఒక్కటైనా ప్రయోజనం లేదు.

ఉపాధ్యాయిని: అందుకే కంటితో చూసి తృప్తిపడకుండా అడిగి తెలుసుకోవాలంటున్నది. ఉపాధ్యాయ శిక్షణలో అందరం చదివే సాంఘికమితి ఉన్నది కదా. జేకబ్ మొరీనో 1934లో ప్రచారంలోకి తెచ్చిన ఆ పద్ధతిలో ప్రతి పిల్లనూ విడిగా పిలిచి, లెక్కలు ఎవరితో కలిసి చేయాలని ఉన్నది, భోజనానికి ఎవరి పక్కన కూర్చోవాలని ఉన్నది అని అడిగి, ఆ ఎంపికలను బాణాలతో పటంగా గీస్తారు. ఎక్కువ బాణాలు చేరినవారు తార, ఏ బాణమూ చేరనివారు ఏకాకి, తమలో తామే ఎంచుకొని బయటివారిని రానివ్వనివారు ముఠా. పరీక్ష కోసం నేర్చుకొని మరిచిపోయే ఈ పటాన్ని ఏడాదికి మూడుసార్లు గీస్తే, బాణాలు కులం గీత దాటుతున్నాయో లేదో, వాడ గీత దాటుతున్నాయో లేదో తెలుస్తుంది. అప్పుడు ఏకాకిని తార పక్కన కూర్చోబెట్టి ఊరుకోవడం కాదు, ఏకాకికి వచ్చిన పనిని గదికి అవసరమైనదిగా చేయాలి. మేకలు కాసే ఇంటి పిల్లవాడికి ఏ ఆకు ఏ చెట్టుదో తెలుసు; పరిసరాల విజ్ఞానం పాఠంలో అతడు ఐదో తరగతివారికి కూడా చెప్పగలడు. తరగతుల గోడ ఉన్న బడిలో రెండో తరగతి పిల్లవాడికి ఆ అవకాశం రాదు.

మధ్యాహ్న భోజనం ప్రసక్తి వచ్చినప్పుడు చాపకూడు గుర్తుకు రాకుండా పల్నాటివారి మాట ముగియదు. అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించినట్టుగా బ్రహ్మనాయుడి గురించి పల్నాటి వీరగాథ చెబుతుంది, కారంపూడిలో ఏటా కార్తికంలో జరిగే వీరారాధనలో ఆ పంక్తిభోజనాన్ని ఇప్పటికీ తలుచుకొని జరుపుతారు. తరగతులవారీగా పంక్తులు కట్టించాలా, వయసులు కలిపి కూర్చోబెట్టాలా అన్న చిన్న నిర్ణయం టీచరు చేతిలో ఉన్నది. పెద్దపిల్లలు చిన్నవారి కంచాలు అందుకొని, వారు తినేదాకా పక్కనే ఉండే పంక్తిలో, ఎవరి ఇంటి పిల్ల ఎవరి కంచం తాకింది అన్న విషయం పదిరోజుల్లో ఎవరికీ పట్టదు. పట్టే ఊళ్లు ఉంటే, అక్కడ ఈ పని మరింత అవసరం.

ప్రధానోపాధ్యాయుడు: ఇదంతా చేయగలిగేది ఒక టీచరు ఆ పిల్లలతో ఐదేళ్లు ఉంటేనే. ఏకోపాధ్యాయ బడిలో ఆ ఒక్కరు సెలవు పెడితే, పక్క బడినుంచి సర్దుబాటు మీద వచ్చేవారు పిల్లల పేర్లు తెలుసుకొనేలోగా తిరిగి వెళతారు. ఒకే మనిషి మీద నిలిచిన బంధం ఆ మనిషి బదిలీతో కూలిపోతుంది. 2022లో 117వ నంబరు ఉత్తర్వు ద్వారా మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపినప్పుడు, కనీసం ఆ పిల్లలకు సబ్జెక్టుకొక టీచరు దొరుకుతాడన్న ఆశ ఉండింది.

ఉపాధ్యాయిని: ఆ ఆశ సంగతి ఎలా ఉన్నా, వెనక మిగిలిన ఒకటి, రెండు తరగతుల పిల్లల స్థితిని కూడా చూడాలి. అక్కలు, అన్నలు వెళ్లిపోయాక తండా బడిలో ఆరేడేళ్లవారే మిగిలారు; భాష అందించేవారు లేరు, బడికి చేయి పట్టుకొని తెచ్చేవారు లేరు. ఎనిమిదేళ్ల పిల్లలేమో తమకంటె ఎంతో పెద్దవారైన పదో తరగతివారి మధ్యకు చేరారు. ఆ గదిలో వయసుల తేడా నాలుగైదేళ్లు, ఈ ఆవరణలో ఏడెనిమిదేళ్లు. అక్కడ పెద్దవారు చిన్నవారిని పేరుతో ఎరుగుదురు, ఇక్కడ ఎరగరు. ఆ ఉత్తర్వును 2025లో ఉపసంహరించి, తరగతికొక టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పాటు చేయడం పిల్లలెక్కువ ఉన్న ఊళ్లకు మేలే. తండాకు ఆ సంఖ్య రాదు. కాబట్టి తండా తరఫున అడగవలసింది ఐదుగురు టీచర్లను కాదు, ఇద్దరిని. ఒకరు సెలవులో ఉన్నా ఒకరుండే బడిని. వయసుల కలయికను కోరడమంటే ఏకోపాధ్యాయ బడిని కోరడం కాదు.

ప్రధానోపాధ్యాయుడు: ఆ మాట మొదటే చెప్పి ఉంటే వాదం సగం తగ్గేది. పల్నాట అందరూ ఆ రెండింటినీ ముడిపెట్టి చూస్తారు, ఎందుకంటే ప్రభుత్వం ఇచ్చినప్పుడల్లా ఆ రెండింటినీ కలిపే ఇచ్చింది. ఇద్దరుంటే, ఆడపిల్ల చదువుకు రక్షణ ఉంటే, ఐదో తరగతి పిల్లకు ఈడు నేస్తాలు దొరికే ఏర్పాటు ఉంటే, ఒక గదిని కాదనడానికి ఉన్న కారణాలు చాలావరకు పోతాయి. అయితే కాదనకపోవడం వేరు, కావాలనడం వేరు. తరగతివారీ బడి చేయలేని ఏ పనిని ఈ గది చేయగలదో చెప్పాలి.

ఉపాధ్యాయిని: మిరప కోతల పిల్లలను చూడండి. జనవరి వచ్చేసరికి కర్నూలు, ప్రకాశం వైపులనుంచీ తెలంగాణనుంచీ కూలీలు ముఠాలుగా పల్నాటికి దిగుతారు, చేల గట్ల మీద పరదాల గుడిసెలు వేసుకొని, ఏప్రిల్ దాకా ఉంటారు. వారితో వచ్చిన పిల్లల్లో కొందరు కల్లాల్లో కాయలు ఏరుతారు, కొందరు చంటివారిని కాస్తారు, కొందరిని ఎవరో ఒక టీచరు పిలిస్తే బడికి వస్తారు. టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకపోవడాన్ని చట్టం ఒప్పుకోదు. అయితే అదే చట్టం వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టమంటుంది, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇమ్మంటుంది. తొమ్మిదేళ్ల పిల్ల, ఏటా నాలుగు నెలలు బడికి దూరమైన పిల్ల, నాలుగో తరగతిలో కూర్చుంటే ఆమెకు గుణింతం రాదన్న సంగతి మొదటి గంటలోనే అందరికీ తెలిసిపోతుంది. ఒకటో తరగతిలో కూర్చోబెడితే అవమానం. రెండో రోజున ఆ పిల్ల కల్లానికే వెళ్లిపోతుంది, ఎవరూ తరమకుండానే. వయసులు కలిసిన గదిలో ఆమె గుణింతం చాప మీద కూర్చుంటే ఎవరికీ వింత కాదు, ఎందుకంటే అక్కడ ఏ చాప మీదా ఒకే వయసువారు లేరు. మధ్యాహ్నం లెక్కల చాప మీద ఆమే ముందుంటుంది, కాయల బస్తాలు లెక్కపెట్టిన పిల్ల కాబట్టి. ఒకే రోజులో ఒకచోట చిన్నదిగా, మరోచోట పెద్దదిగా ఉండగల వీలు తరగతుల బడిలో ఎక్కడున్నది?

ప్రధానోపాధ్యాయుడు: ఒప్పుకోదగిన కారణం ఇది. స్థిరంగా ఉండే పిల్లలను చూసే ఇంతసేపూ మాట్లాడుకొన్నాం గాని, ఒక గది ఎంతమందిని తనవారిగా చేసుకోగలదో తెలిసేది మధ్యలో వచ్చి మధ్యలో వెళ్లే పిల్ల దగ్గరే. అయితే మరో చిక్కు ఉన్నది. అనుబంధానికి స్థిరత్వం కావాలని మొదట చెప్పుకొన్నాం. నాలుగు నెలలకు కట్టిన బంధాన్ని ఏప్రిల్‌లో తెంపుకొని వెళ్లే పిల్లకు అది మేలా, మరో నష్టమా?

ఉపాధ్యాయిని: ముఠాలు ఏటా అదే ఊరికి, అదే రైతు చేనికి తిరిగి వచ్చేవి తక్కువ కాదు. మూడేళ్లు వరసగా జనవరిలో తిరిగి వచ్చే పిల్లకు ఈ బడి రెండో బడి అవుతుంది, ఆమె చాప ఎక్కడో మిగిలిన పిల్లలకు గుర్తుంటుంది, ఎందుకంటే వారిలో చాలామంది పోయినేడు ఆ గదిలోనే ఉన్నారు. తరగతులు మారే బడిలో ఆమె తిరిగి వచ్చేసరికి తనతో కూర్చున్నవారంతా వేరే గదికి, వేరే టీచరు దగ్గరికి పోయి ఉంటారు. వెళ్లే రోజున ఆమె చేతికి ఒక కాగితం ఇవ్వవచ్చు: ఏ మెట్టు దాకా వచ్చింది, ఏ పనిలో ఎవరికి సాయం చేసింది, ఏది ఇంకా కుదరలేదు.

ప్రధానోపాధ్యాయుడు: ఆ కాగితాన్ని సొంత ఊరి బడి ఏం చేసుకొంటుంది? అక్కడ నిచ్చెన లేదు, నాలుగో తరగతి ఉన్నది. మెట్టు నంబరు చూసి ఆ టీచరు ఏ బెంచీ మీద కూర్చోబెట్టాలి?

ఉపాధ్యాయిని: కాగితం మీద ఆ టీచరు ఫోను నంబరు కోసం ఒక గడి ఉంచి, పిల్ల వచ్చిన వారంలోనే అడిగి నింపాలి. జనవరిలో ఇక్కడినుంచి ఒక మాట, ఏప్రిల్‌లో మరో మాట. గుణింతం ఎక్కడ ఆగిందో వింటే చాలు, నిచ్చెన లేకపోయినా ఆ టీచరు సాయంత్రం పావుగంట ఆమెకు కేటాయించగలరు. కూలీలను పంపే జిల్లాల్లో సమగ్ర శిక్ష కింద వలసల కాలపు వసతి గృహాలు నడుస్తున్నాయి. పిల్లలు తల్లిదండ్రులతో రాకుండా అక్కడే ఉండి చదువుకొనే వీలు దొరికితే అంతకన్నా మంచిది లేదు. దొరకని పిల్లల కోసమే ఈ ఏర్పాటు.

ప్రధానోపాధ్యాయుడు: అలాగైతే రెండు జిల్లాల మండల విద్యాశాఖాధికారులు ముఠా మేస్త్రీల పేర్లూ, వారు దిగే ఊళ్లూ డిసెంబరులోనే ఇచ్చిపుచ్చుకోవాలి. పిల్లలు వచ్చాక వెతికితే జనవరి అంతా వెతకడానికే సరిపోతుంది. ఆ జాబితా ఉంటే, తండా బడికి ఆ నాలుగు నెలలు అదనంగా ఒక వాలంటీరునైనా అడగడానికి టీచరు చేతిలో ఒక లెక్క ఉంటుంది. లెక్క లేని పిల్లల కోసం ఏ కార్యాలయమూ మనిషిని పంపదు.

ఉపాధ్యాయిని: జాబితా రాసేటప్పుడు వయసుతోపాటు ఇంటిభాష కూడా రాయించండి, మాస్టారూ. ఏ చాప మీద ఏ అక్కను కూర్చోబెట్టాలో దానిని బట్టే తేలుతుంది.